బల్లికి పొడుగు చేతుల చొక్కా

ఆగస్టులో ఒక రాత్రి హాస్టల్ గది నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, బల్లిని దాచమంటున్నారు" అంది.

నాకు వెంటనే అర్థమైంది. మా అమ్మాయి ఎడమ ముంజేతి మీద, మణికట్టుకి నాలుగు వేళ్ల పైన, ఒక బల్లి ఉంది. చూపుడువేలంత పొడవు, తోక కాస్త వంకర. పద్దెనిమిదేళ్లు నిండిన వారానికి తను కూడబెట్టుకున్న డబ్బుతో పొడిపించుకుంది. బల్లి మీద పడితే పంచాంగం తీసి ఏ భాగం మీద పడితే ఏ ఫలితమో చూసుకునే ఇంట్లో పుట్టినదాన్ని నేను. కంచి వెళ్లి బంగారు బల్లిని తాకి వస్తే దోషం పోతుందని నమ్మే మా అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం కంటబడితే తెలుస్తుంది. పైనుంచి పడ్డ బల్లికి ఫలితం ఉంది గానీ, డబ్బిచ్చి పొడిపించుకున్న బల్లికి ఏ పంచాంగంలోనూ పేజీ లేదు.

అయితే దాచమన్నది మా అమ్మ కాదు. తోటి ఆడపిల్లలు. అక్కచెల్లెళ్లుగా ఉందాం రమ్మని పిలిచే ఆడపిల్లలు. నా గొడవంతా అక్కడే.

మా అమ్మాయి అమెరికాలో ఒక దక్షిణాది రాష్ట్రంలో ఉన్న పెద్ద యూనివర్సిటీలో చేరింది. అక్కడ సొరోరిటీలో సభ్యురాలు కావాలని ఆశపడింది. మన కాలేజీల్లో లేని వ్యవస్థ కాబట్టి కాస్త చెప్పాలి. సొరోరిటీ అంటే ఆడపిల్లల సంఘం. గ్రీకు అక్షరాలతో పేరు, చాలా చోట్ల సొంతంగా ఒక పెద్ద ఇల్లు, లోపలివాళ్లకే తెలిసిన ప్రమాణాలు. సభ్యులు ఒకరినొకరు 'సిస్టర్' అనుకుంటారు. చదువు అయిపోయినా సభ్యత్వం పోదు. ఉద్యోగానికి పరిచయం కావాలన్నా, కొత్త ఊళ్లో తోడు కావాలన్నా ఆ అక్షరాలు పనికొస్తాయి. ఏడాదికి వేల డాలర్లు ఖర్చు.

అందులోకి వెళ్లే దారిని 'రష్' అంటారు. కొన్ని రోజుల పాటు వందలమంది కొత్త అమ్మాయిలు ముస్తాబై ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంట్లోనూ పాటలతో, కేకలతో స్వాగతం. లోపల ఒకమ్మాయి పక్కన కూచోబెట్టుకుని కొన్ని నిమిషాలు మాట్లాడుతుంది. ఏ ఊరు, ఏం చదువుతున్నావు, సెలవుల్లో ఏం చేశావు? రాత్రి ఆ ఇంటివాళ్లు తలుపులు మూసుకుని ఎవర్ని మళ్లీ పిలవాలో, ఎవర్ని వదిలేయాలో తేల్చుకుంటారు. మర్నాడు ఎవరి జాబితా వాళ్లకి వస్తుంది. ఎందుకు పిలవలేదో ఎవరూ చెప్పరు. ఇలా వడకట్టగా వడకట్టగా చివరి రోజున ఒక ఇంటి నుంచి పిలుపు వస్తుంది. దాన్ని 'బిడ్' అంటారు.

ఇదంతా విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది పెళ్లిచూపులే. ఆ ముస్తాబు, ఆ ట్రే పట్టుకుని నిలబడటం, ఆ పొడి పొడి ప్రశ్నలు, "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అనడం, ఆ ఉత్తరం ఎప్పటికీ రాకపోవడం... తేడా ఒక్కటే. ఇక్కడ ఎదుట కూచుని చూసేది పెళ్లికొడుకు తరపువాళ్లు కాదు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల ఆడపిల్లలు. నిరుడు ఇదే గుమ్మంలో చెమటలు పట్టి నిలబడ్డవాళ్లు.

టాటూ ఉన్నవాళ్లు రాకూడదని మా అమ్మాయికి ఇచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు. రాసిపెట్టిన నియమమైతే ఎదిరించవచ్చు. ఇది సలహా రూపంలో వస్తుంది. పై క్లాసు అమ్మాయి ఒకతె చాలా ప్రేమగా చెప్పిందట: "నీ మంచికోరి చెబుతున్నా. రష్ అయ్యేదాకా పొడుగు చేతులవి వేసుకో, లేదా కన్సీలర్ పూసుకో. బిడ్ వచ్చాక నీ ఇష్టం." రూమ్మేట్ తల్లి అదే చెప్పింది. మా ఊళ్లో తెలుగు స్నేహితురాళ్లూ అదే చెప్పారు. నా సంగతి దాచుకోను. మర్నాడు పొద్దున్నే షాపుకెళ్లి, ఆగస్టు ఎండలో, మోచేతులు దాటి మణికట్టు దాకా వచ్చే పల్చటి తెల్ల చొక్కా కొన్నాను. బల్లికి చొక్కా తొడిగిన మొదటి తల్లిని నేనే అయ్యుంటాను.

దాన్ని పోస్టు చెయ్యకుండా రెండ్రోజులు బల్ల మీద పెట్టుకుని కూచున్నాను. ఆ రెండ్రోజుల్లో నేను చదివిందీ ఆలోచించిందీ ఈ వ్యాసం.

ఈ సంఘాల పుట్టుక గురించి చదువుతుంటే ఒక చిన్న కథ దగ్గర ఆగిపోయాను. ఇండియానా రాష్ట్రంలో ఇప్పుడు డిపా యూనివర్సిటీ అనే కాలేజీ 1867లో ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. అందులో తొలి బృందంలో చేరిన బెట్టీ లాక్‌ని మగపిల్లల సంఘం ఒకటి తమ బ్యాడ్జీ పెట్టుకోమని అడిగిందట. సభ్యత్వం మాత్రం ఇవ్వరట. బ్యాడ్జీ పెట్టుకుని వాళ్ల సంఘానికి అలంకారంగా తిరగాలన్న మాట. సభ్యత్వం లేని బ్యాడ్జీ నాకొద్దని ఆమె తిరగ్గొట్టి, 1870లో ఇంకో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి కప్పా ఆల్ఫా థీటా పెట్టింది. ఆ సంఘం వాళ్లు ఈనాటికీ గర్వంగా చెప్పుకునే కథ ఇది. దాన్ని ఇంకోసారి చదవండి. నా ఒంటి మీద ఏ గుర్తు ఉండాలో మీరు నిర్ణయించడానికి వీల్లేదని ఒక ఆడపిల్ల అనడంతో మొదలైన సంప్రదాయం ఇది. నూట యాభై ఏళ్లు దాటాక అదే సంప్రదాయం గుమ్మంలో ఇంకో ఆడపిల్ల తన ఒంటి మీది గుర్తుని కన్సీలర్‌తో పూడుస్తోంది.

'సొరోరిటీ' అనే మాట కూడా అలా పుట్టిందే. సిరక్యూస్ యూనివర్సిటీలో 1874లో మొదలైన గామా ఫై బీటా సంఘానికి మగవాళ్ల మాట 'ఫ్రెటర్నిటీ' ఏమీ బాగాలేదని, అక్కడి లాటిన్ ప్రొఫెసరు 'సోదరి' అనే లాటిన్ మాట నుంచి దీన్ని తయారుచేశాడు. అంటే మాటలోనే అక్కచెల్లెళ్లు ఉన్నారు. మరి ఎవరికి అక్కలు, ఎవరికి చెల్లెళ్లు?

నల్లజాతి అమ్మాయిలకి కాదు. వాళ్లు 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హారిస్ చేరింది అందులోనే. యూదు అమ్మాయిలు 1909లో న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో ఆల్ఫా ఎప్సిలాన్ ఫై పెట్టుకున్నారు. కాథలిక్ అమ్మాయిలు 1912లో మిషిగన్‌లో థీటా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. 1913లో హోవర్డ్‌లోనే ఇరవై రెండుమంది డెల్టా సిగ్మా థీటా పెట్టి, ఆ మార్చి 3న వాషింగ్టన్‌లో స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. ఓటు కోసం జరిగిన ఆ ఊరేగింపులోనే నల్లజాతి స్త్రీలని వెనక వరసల్లో నడవమన్నారు! ఐడా బి. వెల్స్ వెనక్కి పోలేదు. దారిలో జనంలోంచి వచ్చి తన ఇల్లినాయ్ బృందంలోనే కలిసి నడిచింది. ఊరేగింపు సజావుగా సాగాలి కాబట్టి ఈ ఒక్కరోజుకీ కాస్త వెనక్కి జరగండి అన్నవాళ్లు కూడా స్త్రీలే. వాళ్ల గొంతు కూడా చాలా మర్యాదగానే ఉండి ఉంటుంది, మా అమ్మాయికి కన్సీలర్ పూసుకోమన్న పిల్ల గొంతులాగే.

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. అలబామా యూనివర్సిటీలో 1963లో వివియన్ మలోన్ అనే నల్లజాతి అమ్మాయి, జేమ్స్ హుడ్ అనే అబ్బాయి చేరడానికి వస్తే రాష్ట్ర గవర్నరే గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. చివరికి తప్పుకోక తప్పలేదు. సరిగ్గా యాభై ఏళ్లకి, 2013 సెప్టెంబరులో, అదే యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. తెల్లజాతి సొరోరిటీలు నల్లజాతి అమ్మాయిల్ని ఇంకా చేర్చుకోవడం లేదని, చేర్చుకుందామని లోపలి అమ్మాయిలే అన్నా కొన్నిచోట్ల పాత సభ్యులు అడ్డుపడ్డారని. ఆ మాట పత్రికకి చెప్పినవాళ్లలో సొరోరిటీ అమ్మాయిలు కూడా ఉన్నారు. గొడవ దేశమంతా పాకాక యూనివర్సిటీ అధ్యక్షురాలు బిడ్ల తలుపులు మళ్లీ తెరవమంది. అప్పుడు గానీ కొందరికి పిలుపులు రాలేదు. మొన్న 2021లో టిక్‌టాక్‌లో ప్రపంచమంతా చూసింది కూడా ఆ యూనివర్సిటీ రష్‌నే. ఇవాళ ఏ గౌను వేసుకున్నానో, ఏ చెవిపోగులు పెట్టుకున్నానో ఆ పిల్లలు వరసగా చూపిస్తుంటే లక్షలమంది చూశారు. ఒకే రకం జుట్టు, ఒకే రకం పళ్లు, ఒకే రకం నవ్వు.

ఇప్పుడు మా బల్లి దగ్గరికి వస్తాను. చెప్పులోకి ముల్లు దూరితే తీసి పారేయవచ్చు, చెయ్యి మీద తొడుక్కున్న గాజు తీసి దాచవచ్చు, పచ్చబొట్టుకి పొడుగు చెయ్యి వేయవచ్చు. మా అమ్మాయి చామనచాయకి మాత్రం ఏ చొక్కా సరిపోతుంది? ఎదుటివాళ్లు నాలుగుసార్లు తడబడి పలికే ఆ పేరుని ఏ కన్సీలర్ పూడుస్తుంది? దాచగలిగింది దాచితే మిగిలినదానికి మార్కులు పడతాయన్నది ఆశ. దాచడం నేర్పినవాళ్లు మాత్రం దాచలేనిదాన్ని కూడా చూస్తూనే ఉంటారు. దాచగలిగినవన్నీ మనచేత దాచేయించాక దాచలేనివి తప్ప చూడటానికి వాళ్లకి ఇంకేమీ మిగలదు.

"ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినా దాచుకుంటాం కదా, ఇందులో ఇంత రాద్ధాంతం దేనికి?" అని ఒక స్నేహితురాలు నన్ను నిలదీసింది. నిజమే, దాచుకుంటాం. నేనూ దాచుకున్నాను. అక్కడ బేరం స్పష్టం. వాళ్లకి నా పని కావాలి, నాకు వాళ్ల జీతం కావాలి. సాయంత్రం అయిదింటికి ఇంటికొచ్చి చేతులు పైకి మడుచుకుంటాను. ఏ యజమానీ నన్ను 'అక్కా' అని పిలవడు. సొరోరిటీ అడిగేది ఎనిమిది గంటల పని కాదు, చెల్లెలితనం. పైగా దానికి డబ్బు మనమే కట్టాలి. తోబుట్టువు ముందు చొక్కా చేతులు కిందికి లాక్కోవాల్సి వస్తే ఆ ఇంట్లో నాకు దొరికేది యజమానే. తోబుట్టువు కాదు.

"ముందు లోపలికి పోనివ్వండి, లోపల్నుంచి మారుస్తుంది" అన్నారు ఇంకొందరు. ఈ వాదన దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. ఎందుకంటే మనం స్త్రీలం లోపలికి వెళ్లి మార్చినవి చాలా ఉన్నాయి. కానీ ఇక్కడ లోపలికి వెళ్లినవాళ్లు మరుసటి ఆగస్టులో ఏం చేస్తారు? అదే ఇంట్లో సోఫాలో ఈ వైపున కూచుంటారు. గుమ్మంలోంచి వచ్చే ప్రతి పిల్లనీ పలకరించి, రాత్రికి తలుపులు మూసుకుని, "బాగానే ఉంది గానీ ఆ చేతి మీద..." అనే చర్చలో భాగమవుతారు. అక్కడ నోరు విప్పి "నా చేతి మీదా ఉంది" అని ఎవరంటారు? ఏడాదంతా దాచుకుని సంపాదించుకున్న చోటుని ఆ ఒక్క మాటతో ఎవరు పోగొట్టుకుంటారు? తను దాచుకుంది కాబట్టి ఎదుటి పిల్ల దాచుకోకపోవడం ఆమెకి తలబిరుసుగా కనిపిస్తుంది కూడా. "నేను దాచుకోలేదా? దీనికేం తెగులు?" అత్తగారి దగ్గర పడ్డ పాట్లన్నీ కోడలి చేత పడిపించే అత్తల గురించి ఇక్కడ కొత్తగా చెప్పక్కర్లేదు. దాచుకోవడం ఒకరోజు లౌక్యం కాదు. అది ఆ ఇంటి తొలి పాఠం. ఆ ఇంటి కళ్లని మన ముఖానికి పెట్టుకోవడం అక్కడే మొదలవుతుంది.

ఇది అమెరికా పిల్లల మీద మాత్రమే వేస్తున్న నింద కాదు. మన పిల్లలు కూడా 1998లో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో అని దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలు పెట్టుకున్నారు. పెట్టుకోవాల్సిన అవసరం ఉంది, పెట్టుకున్నారు. కానీ గుమ్మంలో నిలబెట్టి ఒంటిని చదివే అలవాటు ఒక జాతి సొత్తు కాదు. అది నాకెలా తెలుసంటే, నేను అమెరికా చూడకముందే ఆ పని చేశాను.

మా అమ్మమ్మ రెండు ముంజేతుల మీదా పచ్చబొట్లుండేవి. చుక్కలు, ఒక ముగ్గు, కుడిచేతి మీద తేలు. ఊళ్లోకి వచ్చే ఎరుకల స్త్రీ పొడిచిందని చెప్పేది. చచ్చిపోయినప్పుడు ఒంటి మీది బంగారమంతా ఊడదీసుకుంటారు, ఇదొక్కటే వెంట వచ్చే నగ అనేది. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి సున్నుండల డబ్బా పట్టుకుని హాస్టల్‌కి వచ్చింది. గేటు దగ్గర నా స్నేహితురాళ్లు నిలబడి ఉన్నారు. నేను గబగబా వెళ్లి, "చలిగా ఉంది కదా అమ్మమ్మా" అంటూ ఆవిడ పైటకొంగు చేతుల మీదుగా కప్పాను. చలి లేదు. ఏప్రిల్ నెల. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అనకుండా, వెళ్లేదాకా ఆ కొంగుని అలాగే పట్టుకుని కూచుంది.

అప్పట్లో పచ్చబొట్టంటే మోటుతనం, పల్లెటూరితనం. ఏ కులాల ఆడవాళ్ల చేతుల మీద ఎక్కువుంటుందో అందరికీ తెలుసు కాబట్టి అదొక కులం లెక్క కూడా. ఇప్పుడు హైదరాబాదులో అద్దాల గదిలో ఏసీ కింద పడుకుని వేల రూపాయలిచ్చి పొడిపించుకుంటే దాని పేరు టాటూ. సూది అదే, ఒళ్లు అదే, నొప్పి అదే. పేరు మారగానే కులం మారింది. పొడిచిన ఎరుకల స్త్రీ కూతురికి మాత్రం ఆ అద్దాల గదిలో కుర్చీ లేదు. అమెరికాలోనూ టాటూ ఇప్పుడేమీ వింత కాదు. ప్యూ సంస్థ 2023లో చేసిన సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 32 శాతం మందికి కనీసం ఒకటుంది. మగవాళ్లలో 27 శాతం, ఆడవాళ్లలో 38 శాతం. ముప్ఫై ఏళ్లలోపు ఆడవాళ్లలో 56 శాతం. సగం మందికి పైగా ఉన్నదాన్ని దాచమంటున్నారంటే, అది అరుదని కాదు. 'మంచింటి అమ్మాయి' అనే బొమ్మ మీద మరక పడకూడదని.

ఈ అమ్మమ్మ కథ ఫోనులో మా అమ్మాయికి చెప్పాను. చెప్పి, "నీ బల్లి కూడా ముత్తమ్మమ్మ తేలుకి వారసత్వమే. ఎవరైనా అడిగితే అలా చెప్పు, బాగుంటుంది" అన్నాను. అది కాసేపు ఊరుకుని అంది: "అమ్మా, నాకు ముత్తమ్మమ్మ తేలు గురించి తెలియనే తెలియదు. ఆ బల్లి నాకు నచ్చింది, వేయించుకున్నాను. దానికి కథ ఉంటేనే నువ్వు ఒప్పుకుంటావా?"

చెంప మీద కొట్టినట్టయింది. నేను కూడా చేసింది దాచడమే. చొక్కాతో కాకుండా కథతో. ఆడదాని ఒంటి మీద ఒక గీత ఉంటే దాని వెనక ఒక దుఃఖమో, ఒక వారసత్వమో, ఒక ప్రతిజ్ఞో ఉండి తీరాలి, అప్పుడే క్షమిస్తాం. ఊరికే నచ్చి పెట్టుకున్నదానికి క్షమాపణ లేదు. ఏ మగపిల్లాడినైనా భుజం మీది డ్రాగన్‌కి వంశచరిత్ర చెప్పమని అడిగామా? స్త్రీల సంతోషానికి కారణపత్రం అడగడం మానేయడం నేనింకా నేర్చుకోవాలి.

చివరిగా ఒక మాట మిగిలింది, నా తోటి స్త్రీవాదులు అడిగేదే. దాచుకోవడం కూడా ఆ పిల్ల ఇష్టం కాదా? ఆమె ఒళ్లు, ఆమె చొక్కా. ఔను, ముమ్మాటికీ ఆమె ఇష్టం. బిడ్ కోసం దాచుకున్న పిల్లల్ని నేను తప్పుపట్టను. కొత్త ఊళ్లో ఒంటరిగా పడి, నలుగురితో కలిసి భోంచెయ్యాలని ఆశపడే పద్దెనిమిదేళ్ల పిల్లలు వాళ్లు. నేను తప్పుపట్టేది ఆ 'ఇష్టాన్ని' వాళ్ల ముందు పెట్టినవాళ్లని. దాచాలా వద్దా అనే ప్రశ్న ఆ పిల్ల నిద్ర చెడగొడుతుంటే, దాచమని అడగొచ్చా అనే ప్రశ్న ఆ ఇంట్లో ఎవరి నిద్రా చెడగొట్టడం లేదు. అందుకే ఆ ప్రశ్నని అది పుట్టిన ఇంటికే తిప్పి పంపాలి. బల్లిని దాచకపోవడం అంటే నాకు అర్థమైనంతలో అంతే. నేను ఇలా ఉన్నాను, ఇప్పుడు నిర్ణయం మీది, దాని బరువూ మీదే.

చొక్కా పోస్టు చెయ్యలేదు. అమ్మాయి పొట్టి చేతుల గౌన్లతోనే తిరిగింది. తను ఎక్కువ ఆశపడ్డ ఇల్లు మూడో రోజు జాబితాలో లేదు. బల్లి వల్లో, రంగు వల్లో, పేరు వల్లో, లేక అక్కడి పిల్లలకి మామూలుగానే నచ్చకో మాకు ఎప్పటికీ తెలియదు. అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఆ రాత్రి ఫోనులో చాలాసేపు ఏడ్చింది. "దాచుకుని ఉంటే పిలిచేవాళ్లేమో అమ్మా" అంది. పిలిచేవాళ్లేమో. నేను కాదనలేదు. దాచకపోతే గెలుస్తామని నేనెవరికీ మాట ఇవ్వడం లేదు. చాలాసార్లు ఓడిపోతాం.

మర్నాడు మిగిలిన ఇళ్లకి వెళ్లాలో మానాలో తనే తేల్చుకుంది. ఏం తేల్చుకుందో ఇక్కడ రాయొద్దంది, రాయను. ఈ మాత్రం రాయడానికి కూడా ముందు తననే అడిగాను.

తెల్ల చొక్కా మా బల్ల మీదే ఉంది. దాన్ని షాపులో తిరిగిచ్చే గడువు దాటిపోయింది. అప్పుడప్పుడు చూస్తుంటే, ఏప్రిల్ ఎండలో పైటకొంగు రెండు చేతుల మీదా కప్పుకుని, నా కోసం చలి నటించిన మా అమ్మమ్మ కనిపిస్తుంది. ఆవిడకి నేను క్షమాపణ చెప్పలేదు. మన ఇళ్లకి, మన హాస్టళ్లకి, మన సంఘాలకి, మన సభలకి వచ్చే ఏ ఆడమనిషి చేతుల మీదా ఇకనుంచి ఎవరం కొంగు కప్పకుండా ఉండగలమా? అక్కచెల్లెళ్లమని చెప్పుకోవడానికి ముందు తేల్చుకోవాల్సింది అదీ.